యాదవ్వ మొక్కిన మే పువ్వు

ఎల్లారెడ్డిలో మా వాడకట్టుకు ఎండాకాలం ఒక మర్యాద ఉంది. మల్లె విరగబూసిన ఇంటివాళ్లు తమ జడలకు, దేవుడి పటాలకు సరిపడా ఉంచుకుని మిగిలిన పూలను తడిగుడ్డలో మూటగట్టి పక్కింటి గోడమీద పెడతారు. ఆ ఇంటివాళ్లు మల్లెలు తీసుకుని అదే గుడ్డలో కనకాంబరాలో, నందివర్ధనాలో, ఏవీ లేకపోతే రెండు మందారాలో పెట్టి తిరిగి పంపుతారు. ఉత్త గుడ్డ పంపరు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఎండల్లో కూడా ఈ మర్యాద తప్పలేదు. బియ్యం, గిన్నెలు కడిగిన నీళ్లు దాచి పోసి పెంచిన పూలవి. అలాంటివాటిని పంచుకోవడం కూడా ఒక పూజే అనిపిస్తుంది.

ఈ మర్యాదను అందరికంటే ఎక్కువ పాటించేది యాదవ్వ. పాటించి పాటించి విసిగిపోయింది కూడా ఆమెనే.

యాదవ్వకు యాభై దాటాయి. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే ఒక కంటితో పెరడంతా కనిపెట్టుకుని ఉంటుంది. పెరడంటే పెద్దదేమీ కాదు, స్నానాల గదికీ ప్రహరీకీ మధ్య ఉన్న కాస్త జాగా. అందులోనే పెయింట్ డబ్బాలు, పగిలిన బకెట్లు, నూనె డబ్బాలు, వాటినిండా మొక్కలు. కొమ్మ అడిగితే కొమ్మ, గింజ అడిగితే గింజ, గడ్డ అడిగితే గడ్డ ఇచ్చి పంపుతుంది. మొక్క అడిగినవాళ్ల నోట్లో భూదేవి కూర్చుని అడుగుతుందనీ, లేదంటే ఆ తల్లికి లేదన్నట్టేననీ ఆమె నమ్మకం. అత్త నేర్పిన మాట అది.

చిక్కంతా ఒక గడ్డ దగ్గర వచ్చింది.

మే పువ్వని ఒకటుంటుంది. వానాకాలమంతా పచ్చటి ఆకులతో ఉంటుంది, చలికాలం ఆకులు ఎండిపోయి గడ్డ మట్టిలో ముడుచుకుని పడుకుంటుంది. ఎండలు ముదిరాక ఒక లావుపాటి కాడను పైకి పంపుతుంది. దాని కొనన ఎర్రటి బంతి విచ్చుకుంటుంది. వందల ఎర్ర సూదులను గుండ్రంగా గుచ్చినట్టు ఉంటుంది. అచ్చం హనుమంతుడికి పూసిన సిందూరం రంగు. కొద్ది రోజులు నిలిచి వాడిపోతుంది. మళ్లీ చూడాలంటే ఏడాది ఆగాలి.

ఆ గడ్డను యాదవ్వ భిక్నూరులోని ఆడబిడ్డ ఇంటినుంచి తెచ్చుకుంది. మొదటి ఎండాకాలమే పూసింది. వాడకట్టంతా వచ్చి చూసింది. చూసినవాళ్లంతా అడిగారు. ఇంకేముంది, ఫాల్గుణంలో గడ్డ నిద్రలో ఉండగానే డబ్బా బోర్లించడం, తల్లిగడ్డ చుట్టూ పుట్టిన పిల్లగడ్డలను విడదీసి పంచడం, తల్లిని మళ్లీ మట్టిలో పెట్టడం. ఏటేటా అదే తంతు. గడ్డలు లింగంపేటకు వెళ్లాయి, కామారెడ్డికి వెళ్లాయి. యాదవ్వ ఇంట్లో మాత్రం మళ్లీ పువ్వు రాలేదు. ఆకులొచ్చాయి, ఏపుగా, అరటాకుల్లా.

కామారెడ్డిలో అంగన్‌వాడీ టీచరు కళ్యాణి పూలమొక్కలు పెంచే ఆడవాళ్లందరినీ ఫోన్లో ఒక గ్రూపుగా చేర్చింది. దాని పేరు ‘మా ఇంటి పూలు’. మే నెల వచ్చిందంటే అందులో పొద్దున లేస్తే ఎర్రబంతుల ఫోటోలే. ప్రతి ఫోటో కింద రెండు చేతులు జోడించిన బొమ్మ, ‘అక్కా, నీ గడ్డనే’ అన్న మాట. వాళ్లు కృతజ్ఞతతోనే పెట్టేవాళ్లు. యాదవ్వకు మాత్రం ఒక్కో ఫోటో ఒక్కో పోటులా ఉండేది. పక్కింటి భూదవ్వ గోడమీదుగా తొంగిచూసి, బిడ్డలందరూ పెండ్లిపీటల మీద కూర్చుంటే తల్లి ముసుగు తన్ని పండుకుందని వేళాకోళమాడేది.

పువ్వు పూయలేదన్న బెంగ ఒక్కటే అయితే యాదవ్వ ఎప్పుడో మరిచిపోయేది. దాని వెనక ఒక మొక్కుంది.

ఆమె భర్త వెంకటి ధాన్యం మిల్లులో హమాలీ. నాలుగేండ్ల కింద రెండు కళ్లలోనూ పొర ముదిరి, గడప ఎక్కడుందో కాలితో తడుముకునే దాకా వచ్చింది. ఆపరేషనుకు తీసుకుపోయే ముందు యాదవ్వ మా హనుమండ్ల గుడిలో నిలబడి, పక్కనున్న భూదవ్వకు వినపడేలా మొక్కుకుంది.

“నా మొగనికి చూపు రానియ్యి తండ్రీ. నీ జయంతినాడు మా పెరట్ల పూసిన మే పువ్వు నా చేతులతోని నీ కాళ్లకాడ పెడుత.”

చూపు వచ్చింది. వెంకటి మళ్లీ బస్తాలు మోస్తున్నాడు. దేవుడు తన మాట నిలబెట్టుకున్నాడు. ఈమె వైపునుంచే బాకీ పడింది. కొబ్బరికాయో, చీరో అయితే అంగట్లో దొరుకుతుంది. తన పెరట్లో పూసిన పువ్వు ఏ అంగట్లో దొరుకుతుంది? ఏటా జయంతికి అందరూ తమ తమ ఇండ్లలో పూసిన పూలు పళ్లెంలో పెట్టుకుని వస్తుంటే యాదవ్వ మల్లెదండ తెచ్చి, దేవుడి ముఖం చూడకుండా పాదాలు చూసి వెళ్లిపోయేది.

అందరూ తలా ఒక దారి చెప్పారు. గుడి అయ్యగారు, ఏ పువ్వయినా భక్తితో పెడితే స్వామికి ఒకటేనమ్మా అన్నారు. ఇంకొకరు, లింగంపేటలో పూసింది నీ గడ్డే కాబట్టి అది నీ పువ్వే, తెచ్చి పెట్టమన్నారు. నోరు ఏమన్నదో చెవులు విన్నాయి గదా, ఇప్పుడు మాట ఎట్లా తిప్పుతానని ఆమె కొట్టిపారేసింది. వెంకటిది ఇంకో రకం ఎకసెక్కం.

“మొక్కేటప్పుడన్న జరంత ఆగి, పూసే చెట్టును మొక్కకపోయినవా? నా కండ్లు ఏడ మళ్ల గుంజుకపోతడోనని దినాం పొద్దుగాల ఒక్కొక్క కన్ను మూసి సూసుకుంటున్న.”

యాదవ్వ నవ్వలేదు. ఆమెకు నిజంగానే ఆ భయం ఉంది.

ఆ గడ్డకు ఆమె చేయని సేవ లేదు. పశువుల ఎరువు వేసింది, పుల్లమజ్జిగ పోసింది, కోడిగుడ్డు పెంకులు నూరి కలిపింది. ఎండ చాలదని ఒకరంటే ఎండలోకి జరిపింది. ఎండ ఎక్కువైందని ఇంకొకరంటే వేపచెట్టు నీడకు ఈడ్చింది. ఒకసారి దాని ముందు కూర్చుని నీకేం తక్కువ చేశానని గట్టిగా అడగడం వెంకటి చూశాడు.

ఎండాకాలంలో ఒకసారి గ్రూపులోని ఆడవాళ్లంతా ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తారు. తలా ఒక పూలకొమ్మో, అంటో తెచ్చి మార్చుకుంటారు. పోయిన మే నెలలో ఆ కలయిక యాదవ్వ ఇంట్లో పెట్టారు. చాపలు పరిచి, మజ్జిగ చేసి, పూలన్నీ నీళ్ల తాంబాళంలో తేలించారు. కళ్యాణి పెరడంతా తిరిగి మే పువ్వు డబ్బా దగ్గర ఆగింది. గడ్డను చివరిసారి ఎప్పుడు తవ్వావని అడిగింది. ఏటా తవ్వుతానని యాదవ్వ కొంచెం గర్వంగానే చెప్పింది. కళ్యాణి కాసేపు తటపటాయించి, దాన్ని కదిలిస్తే అలుగుతుందక్కా, ఆ ఏడు పూయదు, వేర్లు డబ్బానిండా బిగుసుకునే దాకా మరిచిపోవాలి అంది.

“అంటే ఇచ్చుడే తప్పంటవా?”

“తప్పనలే అక్కా. దాని గుణం గట్ల.”

యాదవ్వ అందరికీ మజ్జిగ పోసింది, వచ్చినవాళ్లకు బొట్టు పెట్టి పంపింది. వాళ్లు వెళ్లాక చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. ఎరువు తక్కువైందంటే వేసేది. నీళ్లు తక్కువంటే మోసేది. పంచిపెట్టిన చెయ్యే పువ్వును ఆపిందంటే ఎవరిమీద కోపం తెచ్చుకోవాలి? అడిగినవాళ్ల మీదనా, అత్త మాట మీదనా, భూదేవి మీదనా?

ఆ ఏడు ఇంక డబ్బా ముట్టుకోలేదు.

ఫాల్గుణం రాగానే అలవాటు ప్రకారం గడ్డల కోసం మనుషులు వచ్చారు. గడ్డ కుళ్లిపోయిందని చెబితే ఎవరూ నొచ్చుకోరు. కానీ ఆమెకు అబద్ధం రాదు. ఈ ఏడు తవ్వడం లేదని నేల చూస్తూ చెప్పింది. వచ్చినవాళ్లు ఎగాదిగా చూసి వెళ్లారు. యాదవ్వకు ఈ మధ్య గీర పెరిగిందన్న మాట నల్లా దగ్గర పుట్టి ఇంటిదాకా వచ్చింది. అదీ మింగింది.

మింగలేనిది భూదవ్వ విషయం.

భూదవ్వ ఆమెకంటే పెద్దది. ఇద్దరూ ఒకే అరుగుమీద ఏళ్ల తరబడి బీడీలు చుట్టారు. ఒకరికి జ్వరమొస్తే రెండో ఆమె ఇంట్లో గంజి కాగేది. భూదవ్వ బిడ్డ జుక్కల్‌లో కొత్త ఇల్లు కట్టుకుంది. ఇంటిముందు మే పువ్వు పెట్టాలని తల్లిని అడిగింది. తల్లి గోడ దగ్గరికి వచ్చి అడిగింది.

“ఒక్కటంటే ఒక్క పిల్లగడ్డ యాదీ. పొల్లకు మాట ఇచ్చిన.”

“ఈ ఒక్క ఏడు ఆగక్కా. తవ్వితే పూయదట. నా మొక్కు నీకెరుకే గదా.”

“దేవునికి పువ్వు కావాల్నని పంతం పట్టినవా, నీ మాటే నెగ్గాల్నని పట్టినవా?”

భూదవ్వ లోపలికి వెళ్లిపోయింది. మరునాడు యాదవ్వ గోడమీద పెట్టిన మల్లెలు సాయంత్రానికి అక్కడే వాడి నల్లబడ్డాయి. అరుగుమీద భూదవ్వ చాట కనిపించలేదు. ఆ చైత్రమంతా ఇద్దరూ గోడకు ఇటొకరు అటొకరు నీళ్లు పోసుకుంటూ, ఒకరి గాజుల చప్పుడు ఒకరు వింటూ గడిపారు. ఒక్క గడ్డ పడేస్తే పోయేదానికి ఇదేమి తిప్పలని ఒక పూట, ఇప్పుడు తవ్వితే ఇన్నాళ్లూ మాటపడ్డది వృథాయేనని ఇంకో పూట యాదవ్వ అనుకునేది. దండం పెట్టుకునేటప్పుడు కూడా మనసు డబ్బా చుట్టే తిరిగేది.

వైశాఖంలో ఒక పొద్దున డబ్బాలో మట్టి పగిలి, కందగడ్డ మొలకలాంటి మొగ్గ తల ఎత్తింది. యాదవ్వ దానిముందు గొంతుక్కూర్చుండిపోయింది. సంతోషంతో నోరు తెరిచి అక్కా అనబోయి ఆగింది. దిష్టి తగులుతుందని వెదురుతట్ట బోర్లించి, పొద్దున సాయంత్రం తట్ట ఎత్తి చూసుకునేది. కాడ పెరిగింది. మొగ్గ ఉబ్బింది. సరిగ్గా జయంతి సమయానికి విచ్చుకునేలా ఉంది. నాలుగేండ్ల బరువు దిగుతుందనుకుంది.

అప్పుడు వెంకటి కళ్లు ఎర్రబారి నీళ్లు కారడం మొదలుపెట్టాయి.

జయంతికి ఇంకా రెండు రోజులుంది. కామారెడ్డిలో ఆపరేషను చేసిన డాక్టరుకు చూపించి సాయంత్రానికి తిరిగి రావచ్చునని బయలుదేరారు. పోయేముందు యాదవ్వ డబ్బాలన్నిటికీ నీళ్లు పట్టించింది. ఒక్క పూట నీళ్లు తప్పితే నూనె డబ్బాల్లోని మొక్కలు మాడిపోయే ఎండలు. కొంచెం చూస్తూ ఉండమని చెబుదామని గోడదాకా వెళ్లింది. అవతల భూదవ్వ గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపించింది. అడగకుండానే తిరిగొచ్చి తలుపుకు గొళ్లెం పెట్టింది.

ఆస్పత్రిలో ఆ రోజు డాక్టరు రాలేదు. రేపు రమ్మన్నారు. మరునాడు చూసి, కంట్లో ఒత్తిడి ఎక్కువగా ఉంది, మందు వేసి ఇంకో పొద్దున మళ్లీ చూడాలి, ఇప్పుడు పంపితే చూపుకే ప్రమాదం అన్నారు. యాదవ్వ ఆస్పత్రి మెట్లమీద కూలబడింది. ఏ చూపు కోసం మొక్కిందో ఆ చూపే ఆమెను మొక్కు తీర్చుకోనివ్వకుండా పట్టి కూర్చోబెట్టింది. దేవుడిని ఏమీ అనలేక బీపీ మిషను పట్టుకున్న నర్సమ్మమీద విసుక్కుంది. ఆ నర్సమ్మ ఏమీ అనుకోకుండా చల్లటి నీళ్లసీసా తెచ్చి చేతిలో పెట్టి వెళ్లింది.

రెండు రాత్రులూ కళ్యాణి ఇంట్లోనే ఉన్నారు. ఆమె మిద్దెమీద మే పువ్వులు కుండీలనిండా పూసి ఉన్నాయి, ఇంటికి బండెడు చుట్టాలొచ్చినట్టు. జయంతి పొద్దున కళ్యాణి అన్నిటికంటే పెద్ద పువ్వును కోసి తామరాకులో చుట్టి, ఇది నీ గడ్డదే అక్కా, దారిలో ఏ హనుమండ్ల గుడి కనిపించినా పెట్టుకో అని బతిమాలింది. మంచి మనసుతో ఇచ్చింది, కాదంటే బాధపడుతుంది. తీసుకుంది. వెంకటి చేతికిచ్చింది.

డాక్టరు చూసి పంపేసరికి పొద్దెక్కింది. బస్సు లింగంపేట దగ్గర ఆగిపోయింది. రోడ్డునిండా కాషాయం బట్టల జనం, డప్పులు, రథం. జయంతి ఊరేగింపు. ఎవరో తల్లి బస్సు పొడుగునా తిరుగుతూ కిటికీల్లోంచి అందరికీ మజ్జిగ గ్లాసులు అందిస్తోంది. యాదవ్వకూ ఇచ్చింది. గ్లాసు తాగకుండా పట్టుకుని కూర్చుంది. ఊరంతా స్వామిని మోసుకుని తిరుగుతోంది, తాను మాత్రం బస్సులో ఇరుక్కుని ఉంది. వెంకటి తామరాకు చూపించి, ఇక్కడే దిగి పెట్టొద్దాం, స్వామి ఏమనుకోడు అన్నాడు.

“మా పెరట్లదని చెప్పిన. కామారెడ్డి మిద్దె మీదిదని చెప్పలే.”

ఇల్లు చేరేసరికి ఎండ నడినెత్తి దాటింది. యాదవ్వ చెప్పులైనా విప్పకుండా పెరట్లోకి పరుగెత్తింది. వెదురుతట్ట పక్కన పెట్టి ఉంది. డబ్బాలో లావుపాటి కాడ, పైన ఏమీ లేదు. బ్లేడుతో కోసినట్టు నున్నగా తెగి ఉంది. కోసిన చోట జిగురు ఎండి మెరుస్తోంది. చుట్టూ చూసింది. ఒక్క మొక్కా వాడలేదు. ప్రతి డబ్బాలో మట్టి తడిగా ఉంది.

ఎవరి పనో ఆమెకు తెలిసిపోయింది. సరాసరి గుడికి వెళ్లింది. అయ్యగారు తలుపులు దగ్గరేస్తున్నారు. స్వామి పాదాల దగ్గర తమలపాకుల మధ్య ఎర్రటి బంతి, మీద కొంచెం సిందూరం రాలి ఉంది. ఎంత పెద్దది పూసిందో. యాదవ్వ చేతులు జోడించడం కూడా మరిచి చూస్తూ నిలబడిపోయింది. పొద్దున హారతి వేళకు భూదవ్వ తెచ్చిందనీ, యాదవ్వ వెంకటిల పేరు మీద అర్చన చేయించిందనీ, మొక్కు తీరినట్టేననీ చెప్పి అయ్యగారు కొబ్బరిచిప్ప చేతిలో పెట్టారు.

ఆ చిప్ప పట్టుకునే యాదవ్వ భూదవ్వ అరుగు ముందు నిలబడింది.

“ఎవలు కొయ్యమన్నరక్కా నిన్ను?”

భూదవ్వ చాటలోంచి తలెత్తలేదు. “ఎవలంటరు? నువ్వు లేకపోతివి. పూజ వేళాయె. రేపు పెడితే జయంతి అయితదా?”

“నా చేతులతోని పెడుతనని మొక్కిన.”

“మొక్కిననాడు పక్కన నిలవడ్డది నేను కాదా? గందుకే నీ పేరు చెప్పిన, నీ మొగని పేరు చెప్పిన. అయ్యగారు నా పేరు గూడ అడిగిండు. చెప్పలే.”

“నీళ్లు?”

“నీళ్లు మీ ఆయన కామారెడ్డి నుంచి వచ్చి పోసిండు.”

యాదవ్వ తిట్టడానికే వచ్చింది. మాటామంతీ లేని మనిషి, నల్లా నీళ్లు తన డబ్బాలకూ ఈమె డబ్బాలకూ పంచిపోసిన మనిషి. అలాంటి మనిషిని ఏమని తిట్టాలి? తిట్టకుండా ఎట్లా ఉండాలి? చివరికి వచ్చిన మాట ఆమె అనుకున్నది కాదు.

“నాలుగేండ్ల సంది చూస్తున్నక్కా. అది నా పెరట్ల పూసి నిలవడ్డప్పుడు నేను ఒక్క ఘడియ గూడ సూడలే.”

భూదవ్వ చేతిలో ఆకు ఆగింది. “గది నేను సోచాయించలే యాదీ, గా ఆలోచనే రాలే,” అంది. యాదవ్వ చిప్ప పట్టుకునే ఇంటికి వెళ్లింది.

ఇంట్లో వెంకటి కళ్యాణి ఇచ్చిన పువ్వును చెంబులో పెట్టి నీళ్లు పోస్తున్నాడు. మొక్కు తీరినట్టా, తీరనట్టా అని అడిగాడు. తీరలేదంటే ఇంకో ఏడాది డబ్బా ముట్టకుండా, అడిగినవాళ్లకు నేల చూస్తూ జవాబు చెబుతూ, గోడ అవతలి గాజుల చప్పుడు వింటూ గడపాలి. తీరిందంటే, తన చేతులు మొక్కింది ఇంకొకరి చేతులు చేశాయని ఒప్పుకోవాలి. రెండూ యాదవ్వకు నచ్చలేదు. పొయ్యి ముట్టించి ఆర్పేసింది. బీడీల చాట తీసి మళ్లీ పెట్టేసింది.

పొద్దు వాలుతుండగా పాత కొడవలి తీసుకుని పెరట్లోకి వెళ్లి డబ్బాను బోర్లించింది. ఏడాదిపాటు ఎవరూ కదపని వేర్లు డబ్బా ఆకారంలోనే గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. విడదీస్తుంటే మోకాళ్లదాకా మట్టి అయింది. తల్లిగడ్డను ఆనుకుని ఉన్న వాటిలో బలమైనదాన్ని మట్టితో సహా ఒక కవర్లో వేసి గోడమీద పెట్టింది.

“అక్కా, మీ పొల్లకు పంపు. జుక్కల్‌కు ఎవరన్న పోయేటోళ్లుంటే రేపే ఇయ్యి, ఎండుతది.”

భూదవ్వ పరుగున వచ్చింది. “తవ్వినవా? నీకేమన్న పిచ్చా? మళ్ల పూయదంటివి గదనే.”

“పూయకుంటే పూయకపాయె. మొక్కు తీర్చినవు గదా నువ్వు. ఇగ ఎవలికోసం దాపెట్టాలె?” యాదవ్వ గొంతులో కోపం ఏమీ తగ్గలేదు. “దాన్ని కదిలియ్యొద్దని మీ పొల్లకు చెప్పు. ఎవ్వలు అడిగినా లేదనుమను.”

“లేదంటదా అది? నీ చేతుల పెరిగిన పిల్ల.”

యాదవ్వ తల్లిగడ్డను తిరిగి డబ్బాలో పెట్టి రెండు చేతులతో మట్టి ఒత్తుతోంది, కావలసినదానికంటే గట్టిగానే.